లెక్కలకు రాని నలుపు

నల్లవాళ్ల పోరాటం అనంగనే మనకు యాదికొచ్చేది అమెరికా. అంటే ఉత్తర అమెరికాలోని ఆ ఒక్క దేశం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు పేరు తెచ్చుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్ నుంచే. 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది అక్కడి డుబాయిస్‌కే. మన సభల్లో మార్టిన్ లూథర్ కింగ్ పేరు వినబడుతుంది, మాల్కం ఎక్స్ పేరు వినబడుతుంది. మంచిదే. కానీ ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడలెక్కించిన మనుషుల్లో ఎంతమంది ఆ దేశంలో దిగారో మనం ఎన్నడన్నా లెక్క చూసుకున్నామా?

చరిత్రకారులు ఓడల రికార్డులు తిరగేసి వేసిన లెక్క ఇది. మూడున్నర శతాబ్దాల్లో అట్లాంటిక్ సముద్రం మీద ఎక్కించినవాళ్లు దాదాపు 1 కోటి 25 లక్షలు. బతికి ఒడ్డుకు చేరినవాళ్లు దాదాపు 1 కోటి 7 లక్షలు. మిగతావాళ్లు నీళ్లపాలు. ఒడ్డుకు చేరినవాళ్లలో నేరుగా ఉత్తర అమెరికాలో దిగినవాళ్లు 4 లక్షలకు లోపే. నూటికి నలుగురు కూడా కాదు. ఒక్క బ్రెజిల్‌లోనే 48 లక్షలకు పైగా దిగారు. మిగిలినవాళ్లు కరీబియన్ దీవుల్లో, క్యూబాలో, మెక్సికోలో, కొలంబియాలో, పెరూలో దిగారు.

అంటే ఆ నల్ల బతుకుల చరిత్రలో పెద్ద భాగం స్పానిష్, పోర్చుగీస్ మాట్లాడే నేలల మీద జరిగింది. మరి ఆ మనుషులు మనకెందుకు తెలియలేదు? దూరం వల్ల కాదు. న్యూయార్క్ కూడా దూరమే. వాళ్లకు వాళ్ల పేరు లేకుండా చేశారు గనుక తెలియలేదు. "మా దేశంలో నల్లోళ్లు, తెల్లోళ్లు అని లేదు, అందరం కలిసిపోయినం" అని ఆ దేశాల దొరలు నూరేళ్లు చెప్పారు గనుక తెలియలేదు. మాదిగ గూడెంలో పుట్టినవాడిగా నాకు ఈ మాట కొత్తది కాదు. అందుకే ఈ చరిత్ర నేను రాయాలనుకున్నాను.

ముందుగా పేర్ల సంగతి తేల్చుకోవాలి. మన తెలుగులో "జాతి" అనే మాట ఒక పెద్ద గంప. అందులో అన్నీ పడతాయి. తెలుగు జాతి అంటాం, భారత జాతి అంటాం, నల్లజాతి అంటాం. ఎద్దు మంచి జాతిది అంటాం. కోపమొస్తే "తక్కువ జాతోడు" అని తిడతారు. భాష, దేశం, రంగు, పుట్టుక నాలుగూ ఒకే మాటలో పడ్డాక మనిషి దేనివల్ల దెబ్బ తింటున్నాడో ఎట్లా తెలుస్తుంది? లాటిన్ అమెరికా విషయంలో ప్రపంచమంతా ఇదే పొరపాటు చేస్తోంది. లాటినో అంటే ఒక రంగు కాదు. లాటిన్ అమెరికా మూలాలున్న మనిషి అని అర్థం. ఆ మనిషి తెల్లగా ఉండొచ్చు, ఆదివాసీ కావొచ్చు, పెరూకు వలసపోయిన జపాన్ వాళ్ల బిడ్డ కావొచ్చు, నల్లవాడు కావొచ్చు. నల్లవాడైన లాటినో తన రెండు మూలాలనూ కలిపి చెప్పుకునే పేరు ఆఫ్రో-లాటినో.

మా చెల్లె కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. ఒకసారి ఫోన్ల అన్నడు: "మామా, మా బిల్డింగుల డొమినికన్ రిపబ్లిక్ ఆయన ఒకాయన ఉన్నడు. చూస్తే మనోళ్లు నల్లోడు అంటరు. స్పానిష్ మాట్లాడంగనే అయ్యో నల్లోడు కాదు, మెక్సికోవోడు అంటరు. ఆయన మెక్సికో ఎన్నడూ చూడలే." నేను వానికి ఏ.సి. గార్డ్స్ గురించి చెప్పిన. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఆ బస్తీ ఉంది. ఏ.సి. అంటే చల్లటి మిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపు దళంగా పనిచేసిన ఆఫ్రికా వాళ్ల వారసులు, సిద్దీలు, అక్కడ తరాలుగా ఉన్నారు. మాట ఉర్దూ, మతం ఇస్లాం, ఊరు హైదరాబాద్, మూలం ఆఫ్రికా. ఇందులో ఏ ఒక్కటి నిజమైనా మిగతా మూడూ అబద్ధం కావు. "గంతే అల్లుడూ, ఆ డొమినికన్ ఆయన గూడ గంతే" అన్న. వానికి వెంటనే అర్థమైంది.

ఇక చరిత్రలోకి వద్దాం. "కాస్తా" అనే పాత మాట ఒకటి ఉంది. పోర్చుగీసువాళ్లు మన దేశానికి వచ్చి మన కులాలను చూసి ఆ మాట వాడారు. ఇంగ్లీషులో కులానికి వాడే మాట దాన్నుంచే వచ్చింది. అదే మాటను స్పెయిన్ వాళ్లు సముద్రం అవతల మెక్సికోలో కలగలుపు పుట్టుక ఉన్నవాళ్ల మీద వేశారు. స్పెయిన్ వాడికీ ఆదివాసీ స్త్రీకీ పుడితే మెస్తీసో. స్పెయిన్ వాడికీ నల్ల స్త్రీకీ పుడితే ములాతో. ఇట్లా ఒక్కో కలయికకు ఒక్కో పేరు. కొన్ని పేర్లు జంతువులవి: తోడేలు, కొయోతే. 18వ శతాబ్దంలో మెక్సికోలో వీటిని బొమ్మలుగా గీయించుకున్నారు. తల్లి, తండ్రి, బిడ్డ, కింద బిడ్డ పేరు. మామూలుగా పదహారు బొమ్మల వరుస. మనుస్మృతి పదో అధ్యాయంలో ఏ వర్ణం తండ్రికీ ఏ వర్ణం తల్లికీ పుడితే ఏ జాతి అవుతుందో, చండాలుడు ఎట్లా పుడతాడో వరుసబెట్టి చెప్పిన పట్టిక గుర్తున్నవాళ్లకు ఈ బొమ్మలు కొత్తగా అనిపించవు. ఆధిపత్యం ఎక్కడున్నా మొదట చేసే పని పుట్టుకల జాబితా రాయడమే.

ఆ బొమ్మల వరుసలో ఒక కిటుకు ఉంది. ఆదివాసీ రక్తం ఉన్న బిడ్డ వంశం మళ్లీ మళ్లీ తెల్లవాళ్లతో కలిస్తే మూడో తరానికి "స్పెయిన్ వాడు" అయిపోతాడు. నల్ల రక్తం ఉన్నవాడికి ఆ దారి లేదు. ఎంత కలిసినా ఎక్కడో ఒక తరంలో "వెనక్కి తిరిగినవాడు" అని పేరు పెట్టి కిందికి తోస్తారు. అదే రాజ్యం మళ్లీ డబ్బు తీసుకుని తెల్లదనం అమ్మింది. 1795లో స్పెయిన్ రాజు ప్రభుత్వం ఒక ధరల పట్టిక విడుదల చేసింది. నలుపు కలిసిన "పార్దో" హోదా నుంచి విడుదల కావాలంటే 500 రియాల్స్. కట్టగలిగినవాడు అర్జీ పెట్టుకుని, చక్రవర్తి దయతో, కాగితం మీద తెల్లవాడు కావొచ్చు. చర్మం అదే, కాగితం వేరు. జాతి అనేది రక్తంలో ఉండేది కాదని, రాజ్యం కట్టిన అబద్ధమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆ అబద్ధం కొరడాగా తగిలినప్పుడు వీపు మీద నెత్తురు మాత్రం నిజంగానే వచ్చింది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. కులమూ జాతీ ఒకటే అని నేను అనడం లేదు. 1936లోనే అంబేద్కర్ కుల నిర్మూలనలో తేల్చి చెప్పారు, కులం రక్తాల తేడా కాదని, పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ ఒకే మూలం వాళ్లని. మన దగ్గర రంగు చూసి కులం చెప్పలేరు. అందుకే మా ఊరోళ్లు పట్నంలో ఇల్లు కిరాయికి అడిగితే "మీరు ఏమోళ్లు?" అని అడుగుతారు. లాటిన్ అమెరికాలో అడగాల్సిన పని లేదు, చూస్తే చాలు. ఇంకో తేడా కూడా ఉంది. మన కులం పెళ్లిళ్లు కలవనివ్వకుండా నిలబడింది. అక్కడి వ్యవస్థ కలవనిచ్చి, కలిసిన ప్రతిసారీ తెలుపు వైపు నెడుతూ నిలబడింది. నల్ల తల్లులు బిడ్డలకు "తెల్లోడిని చేసుకో, జాతిని బాగు చెయ్యి" అని చెప్పే సామెత స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఈనాటికీ ఉంది. అంటే కన్నతల్లి నోటితోనే, నీ ముఖం నీ బిడ్డకు రావొద్దని చెప్పించారు. రెండు వ్యవస్థలూ రెండు దారులు. చేరే చోటు ఒకటే: కిందివాడు తనను తాను దాచుకోవాలి.

19వ శతాబ్దంలో ఈ దేశాలు స్వాతంత్ర్యం తెచ్చుకున్నాయి. ఆ యుద్ధాల్లో నల్లవాళ్లు ముందు వరసలో నిలబడ్డారు. మెక్సికో స్వాతంత్ర్య సేనాని విసెంటే గెరెరో ఆఫ్రికా మూలాలున్నవాడు. 1829లో దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 15న బానిసత్వాన్ని రద్దు చేశాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1865 దాకా కాని పని అది. 1831లో శత్రువులు ఆయనను కాల్చి చంపారు. ఒక రాష్ట్రానికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయనకు రెండు శతాబ్దాలకు ముందే యాంగా అనే ఆఫ్రికా మనిషి వెరాక్రూజ్ కొండల్లో పారిపోయిన బానిసలను కూడగట్టి స్పెయిన్ సైన్యాన్ని ఎదిరించాడు. చివరికి రాజ్యమే సంధికి దిగి వాళ్లకు ఊరు ఇచ్చింది. ఈరోజు ఆ ఊరి పేరు యాంగా.

ఇంత చరిత్ర ఉన్న దేశం తన నల్ల బిడ్డలను ఎట్లా లెక్కబెట్టింది? లెక్కబెట్టలేదు. 1925లో మెక్సికో మేధావి హోసే వాస్కొన్సెలోస్ అన్ని జాతులూ కలిసిన "విశ్వ జాతి" గురించి పుస్తకం రాశాడు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ కలయికలో నలుపు కరిగిపోవాలి, మిగలకూడదు. మెక్సికో మనిషి అంటే స్పెయిన్, ఆదివాసీ కలిసిన మెస్తీసో అని బడి పుస్తకాల్లో రాసుకున్నారు. మూడో వేరు సంగతి ఎత్తలేదు. ఫలితం ఏమిటంటే, గెరెరో పేరు పెట్టుకున్న రాష్ట్రంలో, పసిఫిక్ తీరాన కోస్తా చికాలో, నల్ల మెక్సికన్లను పోలీసులు ఆపి "నువ్వు ఈ దేశపోడివేనా, జాతీయ గీతం పాడు" అని అడిగిన సంగతులు వాళ్లే చెప్పుకున్నారు. దేశాన్ని విడిపించిన వాడి మనవళ్లు దేశభక్తి పరీక్ష రాయాలి! 2015లో చేసిన సర్వేలో మొదటిసారి వాళ్లను అడిగారు. 2019లో రాజ్యాంగంలో వాళ్ల పేరు ఎక్కింది. 2020 జనగణనలో 25 లక్షలకు పైగా మంది "మేము ఆఫ్రో-మెక్సికన్లం" అని రాయించుకున్నారు. నిన్నటిదాకా లేనివాళ్లు ఒక్కసారి 25 లక్షల మంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు? వాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అడిగినవాడు లేడు.

బ్రెజిల్ కథ ఇంకా పెద్దది. అమెరికా ఖండాల్లో అందరికంటే చివర, 1888 మే 13న, బానిసత్వం రద్దు చేసిన దేశం అది. రద్దు చేసి విడిచిన మనుషులకు సెంటు భూమి ఇవ్వలేదు. యూరప్ నుంచి తెల్ల కూలీలను పిలిపించి కాఫీ తోటల్లో పెట్టుకున్నారు. దేశాన్ని తెల్లగా చెయ్యాలని బహిరంగంగానే రాసుకున్నారు. తర్వాత మాట మార్చారు. 1933లో జిల్బెర్తో ఫ్రేరీ పుస్తకం వచ్చాక బ్రెజిల్‌లో దొర, బానిస ఒక కుటుంబంలా కలిసిమెలిసి బతికారనే కథ బలపడింది. అదే ముదిరి "జాతుల ప్రజాస్వామ్యం" అయ్యింది. మన దగ్గర "మా ఊళ్ల దొర మంచోడు, పాలేరును కొడుకోలె చూసిండు" అని చెప్పినట్టే. కొడుకోలె చూస్తే పాలు పంచాలి కదా? అది మాత్రం అడగొద్దు.

ఈ ప్రజాస్వామ్యంలో మనుషులు ఏం చేశారో చూడండి. 1976లో ప్రభుత్వ సర్వేలో "మీ రంగు ఏది?" అని జనాన్నే అడిగితే 130కి పైగా పేర్లు వచ్చాయి. గోధుమ రంగు, కాఫీ రంగు, దాల్చిన చెక్క రంగు, ఎండకు కమిలిన రంగు. ఎన్ని రంగులైనా ఒప్పుకున్నారు, నలుపు అనే ఒక్క మాట నుంచి తప్పించుకోవడానికి. దీన్ని చూసి కొందరు మేధావులు మురిసిపోయారు, చూశారా మా దగ్గర జాతులు చెరిగిపోయాయి అని. చెరిగింది జాతి కాదు, చెప్పుకునే ధైర్యం. సైనిక ప్రభుత్వం 1970 జనగణనలో రంగు ప్రశ్ననే తీసేసింది. ప్రశ్న లేకపోతే తేడా లేదు, తేడా లేకపోతే అన్యాయం లేదు.

ఆ మౌనంలో కొందరు నోరు విప్పారు. 1944లో అబ్దియాస్ దో నాసిమెంటో నల్లవాళ్ల ప్రయోగ నాటకశాల పెట్టాడు. అప్పటిదాకా ముఖ్యమైన నల్ల పాత్ర ఉంటే తెల్ల నటుడు ముఖానికి మసి పూసుకుని వేసేవాడు. సావో పౌలో నగరంలో కనిందే అనే మురికివాడలో కరోలినా మరియా ద జీసస్ అనే నల్ల తల్లి కాగితాలు, ఇనుప ముక్కలు ఏరి అమ్మి ముగ్గురు పిల్లలను సాకింది. రెండేళ్లే బడికి పోయింది. చెత్తలో దొరికిన నోటు పుస్తకాల్లో రోజూ తన ఆకలి రాసుకుంది. 1960లో ఆ డైరీ పుస్తకమై వేలకువేలు అమ్ముడుపోయింది. పేరుకు అర్థం పనికిరాని సామాను పడేసే గది అని. నగరానికి అటువంటి గది మురికివాడ. వెలివాడ అంటే ఏంటో తెలిసిన మనకు ఆమెను ఎవరూ పరిచయం చేయాల్సిన పని లేదు. మా నాయిన లంద కాడ తోళ్లు నానేసిన వాసన ఆమె పుస్తకంలో లేదు, కానీ పొయ్యి వెలగని పొద్దు ఉంది.

పేరు దాచుకోవడం ఎంత దూరం పోతుందో డొమినికన్ రిపబ్లిక్ చెప్తుంది. ఒకే దీవిలో ఒక వైపు హైతీ, ఒక వైపు ఈ దేశం. 1804లో బానిసలు తిరగబడి కట్టుకున్న మొదటి నల్ల గణతంత్రం హైతీ. పక్క దేశంలో కూడా ఎక్కువమంది ఆఫ్రికా మూలాలున్నవాళ్లే. కానీ అక్కడి పాలకులు నలుపు అంటే హైతీ, మేము వేరు అని నేర్పారు. నల్ల చర్మం ఉన్నవాడికి గుర్తింపు కార్డులో "ఇండియో" అని, అంటే ఆదివాసీ అని రాశారు. నియంత త్రుహీయో అమ్మమ్మ హైతీ మూలాలున్న మనిషి. ఆ త్రుహీయోనే 1937 అక్టోబర్‌లో సరిహద్దులో హైతీ వాళ్లను వేల సంఖ్యలో కత్తులతో నరికించాడు. ఒక ఆకుకూర పేరు పలకమని, స్పానిష్ యాస పలకనివాణ్ని చంపారని చెప్పుకుంటారు. రంగు చూస్తే ఎవరు ఎవరో తెలియదు గనుకనే నాలుకను పరీక్షించాల్సి వచ్చింది. ఇది పాత కథ అనుకోవద్దు. 2013లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 1929 నుంచి అక్కడే పుట్టిన, పత్రాలు లేని హైతీ వలస కుటుంబాల బిడ్డల పౌరసత్వాన్ని చెల్లదంది. పుట్టిన ఊళ్లోనే మనుషులు పరాయివాళ్లైపోయారు.

ఈ దేశాల నుంచి న్యూయార్క్ పోయినవాళ్లకు ఇంకో చిక్కు ఎదురైంది. ఆర్తురో అల్ఫోన్సో షాంబర్గ్ 1874లో ప్యూర్టోరికోలో పుట్టాడు, అక్కడ బానిసత్వం రద్దైన మరుసటి ఏడాది. తల్లి నల్ల స్త్రీ. చిన్నప్పుడు ఒక టీచరు నల్లవాళ్లకు చరిత్ర లేదు, వీరులు లేరు అన్నదని చెప్తారు. 1891లో న్యూయార్క్ చేరి, ఒక బ్యాంకులో ఉత్తరాల విభాగం చూసుకుంటూ, ఆ మాటకు జవాబుగా బతుకంతా పుస్తకాలు, చేతిరాతలు, బొమ్మలు పోగేశాడు. 1926లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం కోసం ఆ వేల వస్తువులను 10,000 డాలర్లకు కొన్నారు. ఈరోజు హార్లెంలో ఆయన పేరుమీద ఉన్న నల్ల చరిత్ర పరిశోధనా కేంద్రానికి పునాది అదే. అంటే అమెరికా నల్లవాళ్ల చరిత్రకు ఇల్లు కట్టినవాడు స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో మనిషి. ఆయన్ని నల్లవాడిగా తలుచుకునేవాళ్లు ప్యూర్టోరికోను మరిచారు, ప్యూర్టోరికోవాళ్లు చాలాకాలం ఆయన్నే మరిచారు.

1967లో పీరీ థామస్ తన ఆత్మకథలో ఇదే గాయాన్ని విప్పి చూపాడు. క్యూబా తండ్రి, ప్యూర్టోరికో తల్లి. అన్నదమ్ములు తెల్లగా పుట్టారు, ఇతను నల్లగా. వీధిలో ఇతను నల్లోడు, ఇంట్లో "మనం నల్లోళ్లం కాదు, ప్యూర్టోరికోవాళ్లం" అంటారు. 1969లో న్యూయార్క్‌లో యంగ్ లార్డ్స్ అనే యువకుల సంఘం లేచింది, బ్లాక్ పాంథర్స్‌ను చూసి. చెత్త ఎత్తని వాడల్లో చెత్తను రోడ్డుకు అడ్డంగా పోసి తగలబెట్టి పోరాడారు. వాళ్ల నాయకుల్లో ఒకడు పాబ్లో గుస్మాన్. తన ఆఫ్రికా మూలాన్ని చాటుతూ "యోరుబా" అని పేరు పెట్టుకున్నాడు. మన దళిత్ పాంథర్స్‌కు వాళ్లు దాయాదులు. ఒకే చెట్టు నుంచి మూడేళ్ల తేడాతో వచ్చిన రెండు కొమ్మలు.

ప్రభుత్వ కాగితాలు మాత్రం గందరగోళంగానే ఉన్నాయి. 1930 జనగణనలో "మెక్సికన్" ఒక జాతి అన్నారు. అభ్యంతరాలొస్తే 1940లో వాళ్లను తెల్లవాళ్లలో కలిపేశారు. కాగితం మీద తెలుపు, వీధిలో అంటరానితనం. తర్వాత లాటినోనా కాదా అన్నది ఒక ప్రశ్న, జాతి ఏది అన్నది ఇంకో ప్రశ్నగా విడదీశారు. 2024 మార్చిలో ఆ ప్రభుత్వం రెండూ కలిపి ఒకే ప్రశ్న చెయ్యాలని నిర్ణయించింది. ఎన్నైనా గుర్తుపెట్టుకోవచ్చు అంది. కానీ ఆఫ్రో-లాటినో ఉద్యమకారులు అడ్డం తిరిగారు. నలుపు పక్కన లాటినో అని ఒకే వరుసలో పెడితే లాటినో కూడా ఒక జాతి అయిపోతుంది, మా నల్లవాళ్లు చాలామంది ఒక్క గడి నింపి ఊరుకుంటారు, మేము మళ్లీ మాయమవుతాం అన్నారు. 2020 నాటికి ఆ దేశంలో ఆఫ్రో-లాటినో పెద్దవాళ్లు దాదాపు 60 లక్షలని ప్యూ పరిశోధనా సంస్థ అంచనా. అంతమంది బతుకు ఒక గడి మీద ఆధారపడి ఉంది.

ఈ వాదన చదివినప్పుడు నాకు మా హాస్టల్ రోజులు కళ్లముందు మెదిలినయి. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. మేము హాస్టల్ల డప్పు పట్టుకుని పేరు చివర మాదిగ అని రాసుకోవడం మొదలుపెట్టినం. అవ్వ బెదిరింది: "గా పేరు దాసిపెట్టి సదువుకోమని పంపితే నువ్వు తోకోలె తగిలించుకుంటివి బిడ్డా." హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న, మంచి కార్యకర్తే, నన్ను పక్కకు పిలిచి "తమ్మీ, అందరం దళితులమే గదా, మళ్ల మాదిగ అని ఏరువెట్టుడెందుకు? శత్రువు నవ్వుతడు" అన్నడు. నేను ఒక్కటే అడిగిన: "అన్నా, అందరం ఒకటే అయితే ఎవరికి ఎంత ముట్టిందో లెక్క తియ్యనీకి భయమెందుకు?" అన్న జవాబు చెప్పలేదు. నేను ఈ మాట మాల సోదరుల మీద కక్షతో రాయడం లేదు. దళిత అనే పేరు మా అందరి కష్టార్జితం, దాన్ని నేను వదులుకోను. కానీ 59 కులాలను ఒక్క పేరు కింద పోసి కుప్ప పెడితే, కుప్ప అడుగున ఉన్నది ఎవరికీ కనబడదు. డక్కలి, బుడగ జంగం, మాస్టిన్ వంటి చిన్న కులాలు మా కిందనే నలిగి ఉన్నాయని మేము కూడా మరవకూడదు. ఈ ముచ్చట తెగడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమలుకు వచ్చింది.

ఆఫ్రో-లాటినో అడిగేది కూడా అదే. లాటినోల నుంచి విడిపోతాననడం లేదు. లాటినోల్లో నన్ను నా పేరుతో లెక్కబెట్టమంటున్నాడు. ఐక్యత ఎవరి పేరును మింగి కడుపు నింపుకుంటుందో చూడకుండా ఐక్యత గురించి మాట్లాడేవాడు, అక్కడైనా ఇక్కడైనా, గెలిచినవాడి తరఫునే మాట్లాడుతున్నాడు.

బ్రెజిల్‌లో నల్లవాళ్లు కొట్లాడి కొన్ని సాధించారు. 2003 నుంచి రియో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, 2012 చట్టంతో కేంద్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిట్లో రిజర్వేషన్ తెచ్చుకున్నారు. అప్పుడు పెద్ద మనుషులు అడిగారు: "మా దేశంలో అందరం కలిసినం గదా, నల్లోడెవరో ఎట్లా తెలుస్తది?" ఉద్యమకారులు చెప్పిన జవాబు అక్కడ అందరికీ తెలుసు: ఆ సంగతి పోలీసును అడుగు, అపార్ట్‌మెంట్ కాపలా వాణ్ని అడుగు, వాళ్లకెప్పుడూ అనుమానం రాలేదు. ఇన్నేళ్లు నలుపు నుంచి పారిపోయినవాళ్లు సీటు కోసం నలుపు అని రాసుకుంటే, మన దగ్గర దొంగ కుల సర్టిఫికెట్లు ఏరినట్టు, అక్కడ కూడా పరిశీలన కమిటీలు వేయాల్సి వచ్చింది. 2022 జనగణనలో నలుపు అన్నవాళ్లు నూటికి 10 మంది, కలగలుపు అన్నవాళ్లు 45 మంది. రెండూ కలిపితే సగానికి పైన. తెల్లవాళ్లు 43 మంది. మైనారిటీ అనుకున్నవాళ్లు నిజానికి దేశంలో పెద్ద భాగం. పారిపోయిన బానిసలు కట్టుకున్న పల్మారెస్ రాజ్యానికి చివరి నాయకుడు జుంబి. 1695 నవంబర్ 20న ఆయనను చంపారు. ఆ రోజు 2024 నుంచి బ్రెజిల్ దేశమంతటికీ సెలవు. బానిసత్వం రద్దు చేస్తూ రాజకుమారి సంతకం పెట్టిన మే 13 కాకుండా, తాము కొట్లాడి చచ్చిన రోజును ఎంచుకోవాలన్నది నల్లవాళ్లే.

మనకూ వాళ్లకూ ఒకచోట దారి కలిసింది. 2000 డిసెంబర్‌లో చిలీలోని సాంతియాగోలో లాటిన్ అమెరికా నల్ల సంఘాలు "ఆఫ్రికా వారసులం" అనే పేరును ప్రభుత్వాల చేత ఒప్పించాయి. రంగు పేరు కాదు, పుట్టుక పేరు. 2001లో దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరంలో జాతి వివక్ష మీద ప్రపంచ సభ జరిగింది. వాళ్లు ఆ పేరుతో వచ్చారు. మన దళిత సంఘాలూ పోయాయి. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డుపడింది, చివరి పత్రంలో కులం పేరు రానివ్వలేదు. కులం జాతి కాదన్నది నిజమే. కానీ నిజాన్ని అన్యాయం దాచడానికి వాడుకున్నారు. మరుసటి ఏడాది, 2002లో, జాతి వివక్ష నిర్మూలన మీద ఐక్యరాజ్యసమితి కమిటీ చెప్పింది: పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుంది అని.

పుట్టుక. అన్ని రంగుల పేర్లు, అన్ని కులాల పేర్లు ఒలిచి చూస్తే లోపల మిగిలేది ఈ ఒక్క మాటే. మనిషిని పుట్టుక దగ్గర పట్టుకుని కట్టేసినవాడే, ఆ మనిషి తన పుట్టుకను నోరారా చెప్పుకుంటే "కులం ఎత్తుతున్నడు, జాతి ఎత్తుతున్నడు" అంటాడు. చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు నల్లవాళ్ల చరిత్ర చదివినప్పుడు ఇంగ్లీషులో దొరికే నాలుగు పేర్లతో ఆగకండి. యాంగాను, జుంబిని, కరోలినాను, షాంబర్గ్‌ను వెతికి చదవండి. ఎవరైనా మీ ముందు "మా దగ్గర అసొంటిదేం లేదు, అందరం కలిసిపోయినం" అంటే, మర్యాదగా కూర్చోబెట్టి లెక్క అడగండి. భూమి లెక్క, కొలువుల లెక్క, బడి లెక్క, జైలు లెక్క. లెక్క చెప్పినాక కలుద్దాం.